రాతిలో లేని బలం

కుప్పం వైపు గ్రానైటు ప్రాంతంలో బండను చీల్చే పాత పద్ధతి ఒకటుంది. బండ మీద గీత గీసి, దాని వెంబడి వరుసగా చిన్న గుంటలు తొలుస్తారు. ఒక్కో గుంటలో ఉక్కు చీల నిలిపి, ఈ కొస నుంచి ఆ కొసకు సుత్తితో కొట్టుకుంటూ పోతారు. కాసేపటికి ఏనుగంత బండ గీత వెంబడే రెండుగా విడిపోతుంది. అదే రాయిని నొక్కి పిండి చెయ్యాలంటే చదరపు సెంటీమీటరుకు 1,000 కిలోలకు పైగా బరువు మోపాలి. లాగి తెంపడానికి మాత్రం అందులో పదో వంతు చాలు. చీల చేసేది ఆ పనే: రాతిని రెండు పక్కలకూ లాగుతుంది.

రాళ్లు కొట్టేవాళ్లకు అన్నం పెట్టిన ఈ గుణమే కట్టేవాళ్ల చేతులు కట్టేసింది. బరువు పడిన దూలం కంటికి కనపడనంత వంగుతుంది. పైభాగం నొక్కుకుంటుంది, అడుగు సాగుతుంది. రాతి దూలం అడుగు నుంచే పగులుతుంది. ములకలచెరువు దగ్గరి సోంపల్లె చెన్నకేశవాలయం లాంటి విజయనగర కాలపు గుళ్లలో స్తంభాలు దగ్గరదగ్గరగా ఉండటం శిల్పుల ముచ్చట ఒక్కటే కాదు, దూలం అవసరం కూడా. మదనపల్లె, పుంగనూరు వైపైనా సరే, బండలు పరిచిన పాత మిద్దెలో రెండు ఆధారాల మధ్య దూరం బండ పొడవును దాటలేదు.

ఈ వంపును లెక్కలోకి తెచ్చే ప్రయత్నం గెలీలియో 1638లో చేశాడు. దూలం వెడల్పు రెట్టింపు చేస్తే బలం రెండింతలే, లోతు రెట్టింపు చేస్తే నాలుగింతలు అన్నాడు. అది నిజం. అయితే దూలం లోతంతా సాగుతుందనుకున్నాడు. నడుమ సాగని, నొక్కుకోని పొర ఒకటుందని, దాని చోటు ఫలానా అని 1826లో ఫ్రెంచి ఇంజనీరు నావియే సరిగ్గా తేల్చాడు.

రాయిలాగే సాగితే పగిలే కాంక్రీటుకు మందు మాత్రం ఒక తోటమాలి దగ్గర దొరికింది. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే ఇనుప వల మీద సిమెంటు మెత్తి మొక్కల తొట్లు చేసి, 1867లో పేటెంటు తీసుకున్నాడు. ఆ ఇనుము సాగే వైపే ఉండాలని లెక్క కట్టి 1886లో ప్రచురించినవాడు జర్మనీ ఇంజనీరు కోనెన్. ఎండకు ఇనుమూ కాంక్రీటూ దాదాపు ఒకే పాళ్లలో వ్యాకోచించడం మన అదృష్టం. లేకపోతే రాయలసీమ వేసవిలో కడ్డీ, కాంక్రీటు ఒకదాన్నొకటి విడిచేసేవి.

స్లాబులో గోడల నడుమ సాగేది అడుగు కాబట్టి అక్కడ కడ్డీలు కింద ఉంటాయి. గోడలోంచి ముందుకొచ్చే సజ్జలో సాగేది పైభాగం, కడ్డీలూ పైనే ఉండాలి. కాంక్రీటు పోస్తుంటే కాళ్ల కింద పడి అవి అడుగుకు దిగిపోతాయి. గట్టిపడ్డాక ఎవరికీ కనపడవు. అందుకే పోత మొదలుకాక ముందే వంచిన ఇనుప ముక్కల మీద వాటిని ఎత్తి కట్టించాలి, పోస్తున్నంతసేపూ ఒకరు పక్కనే నిలబడి చూడాలి.