నూలుతో నల్లిన పగడపుదిబ్బ

తీరికవేళల స్త్రీలు చేసికొను అల్లికపనిని వట్టి కాలక్షేపమని యెంచువారు మనలో పెక్కుమంది కలరు. అట్టి పనియే సముద్రము వేడెక్కుచున్న సంగతిని దేశదేశముల ప్రజల కన్నులకు గట్టించిన వైనమును సోదరీమణులకు దెలుపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆస్ట్రేలియాలో క్వీన్సులాండు తీరము వెంబడి 2,300 కిలోమీటర్ల పొడవున గొప్ప పగడపుదిబ్బల వరుస కలదు. పగడమనగా మనకు హారములలో గ్రుచ్చు నెఱ్ఱని పూసయే తలపునకు వచ్చును. దిబ్బలను గట్టు పగడములు దానికి దూరపు చుట్టములు మాత్రమే. ఇవి మిక్కిలి చిన్న జంతువులు. వీని దేహములలో కంటికానని నాచు కాపురముండి, సూర్యరశ్మితో నాహారము నమర్చిపెట్టుచు, రంగునుగూడ నిచ్చుచుండును. వేసవిలో నుండవలసిన దానికంటె నీటివేడి యొక్క డిగ్రీ హెచ్చి కొన్నివారములు నిలిచెనా, పగడము ఆ నాచును వెడలగొట్టి తెల్లబాఱును. వేడి తగ్గనిచో ఆకలిచే చచ్చును. బొగ్గును, చమురును మనుష్యులు కాల్చుటచే లోకమున పెరిగిన వేడిమివలన 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరములలో నీ దిబ్బలు విరివిగా తెల్లబాఱెను. 2016 మొదలు ఏండ్ల నడిమి యెడము తగ్గియుండుట పాఠకురాండ్రు గమనింతురు గాక.

ఆ క్వీన్సులాండులోనే పుట్టిన మార్గరెట్టు, క్రిస్టీను వర్థైము అను కవలలు 2005లో అమెరికాయందు, లాస్ ఏంజెలీసు నగరమున, నూలుతో పగడపుదిబ్బ నల్ల నారంభించిరి. ఇందలి కిటుకును 1997లో కార్నెలు విశ్వవిద్యాలయమున డైనా తైమిన్య అను గణితశాస్త్రజ్ఞురాలు చూపినది. ప్రతి వరుసలోను ఇన్ని కుట్లకు ఒకటి చొప్పున పెంచుచు పోయినచో, అంచు విస్తరించి, చోటు చాలక, కుచ్చెళ్లవలె ముడుతలు పడును. కాగితపు నమూనాలు చినిగిపోవుచుండగా, కొక్కెపు సూది యా రూపమును గట్టిగా నిలిపినది. సముద్రమున పలు పగడములు దాల్చు రూపమును అట్టిదే. మన నరసాపురపు లేసు అల్లువారికి కుట్లు పెంచుట క్రొత్తగాదు. గుడ్డ చదునుగా రావలెనని వారు లెక్కించి జాగ్రత్తపడుదురు. ఇచ్చట చదును తప్పించుటయే పని!

ఈ పని యూరూర వ్యాపించినది. 2019లో వెనీసు కళాప్రదర్శనమునకు పోయినది. 2022లో జర్మనీయందలి బాడెన్‌బాడెనులో సుమారు 4,000 మంది, వారిలో పెక్కురు స్త్రీలు, 40,000 పగడముల నల్లి పంపిరి. రంగురంగుల దిబ్బలతోపాటు, తెల్లని నూలుతో నల్లిన చావుదిబ్బయు నీ పనిలో నున్నది. పట్టికలలోని యంకెలకంటె ఆ తెలుపు శీఘ్రముగా మనసునకెక్కునని మా యభిప్రాయము.

అయినను మాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి. ఈ యప్పచెల్లెండ్రు 2007 మొదలు నాలుగేండ్లు తమ యింటి ప్లాస్టిక్కు చెత్తను పాఱవేయక కూడబెట్టి, ఆ పోగునే ప్రదర్శించిరి. ప్లాస్టిక్కును చమురునుండి పుట్టినదే గదా. పరుల తప్పు చూపుట సులువు. తమ వంటింటి చెత్తను నలుగురియెదుట పోయుటకు గుండె కావలెను.

అల్లికతో సముద్రము చల్లబడునా యని యడుగువారుందురు. చల్లబడదు. పైగా నేటి నూలులో కొంత ప్లాస్టిక్కు జాతిదే. కాని యొక పగడమునకై గంటలకొలది సూది పట్టిన చేతులు ఆ పగడమును మఱచునని మేము నమ్మము.

గోదావరి ముఖద్వారమున మన మడయడవులు కలవు. వానిని నరసాపురపు చేతులు దారముతో నల్లి చూపిన చూడవలెనని మాకు కోరిక. వారి కూలి గిట్టుబాటైన పిమ్మటనే సుమా.