వార్తల్లో పదం: విండో పీరియడ్
రక్షణ లేని కలయిక జరిగిన మర్నాడే హెచ్‌ఐవీ పరీక్షలో ‘నెగెటివ్’ వచ్చిందని నిశ్చింతగా ఉండలేం. వైరస్ ఒంట్లో చేరినా పరీక్షకు చిక్కని వ్యవధే విండో పీరియడ్. వైరస్ యాంటిజెన్‌నూ, యాంటీబాడీలనూ రెంటినీ చూసే నాలుగో తరం ల్యాబ్ పరీక్షకు 45 రోజులు, యాంటీబాడీలు మాత్రమే చూసే పరీక్షకు 90 రోజులు గడిచాకే ఫలితం నమ్మదగింది. మరి అన్నాళ్లూ ఇంట్లో కుమిలిపోవాలా? అస్సలు వద్దు. కలయిక జరిగిన 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళితే, ముప్పును బట్టి వైద్యులు 28 రోజుల నివారణ మందులు మొదలుపెట్టగలరు. అలాంటి కలయికతోనే సోకే సిఫిలిస్, గనేరియాలకు పరీక్షలు వేరు. రెండూ మందులతో నయమవుతాయి.

రేపల్లె, బాపట్ల లాంటి ఊళ్లలో ‘ఎవరైనా చూస్తారేమో’నన్న భయమే పెద్ద అడ్డంకి. అది కొట్టిపారేయదగ్గ భయం కాదు. కానీ సమ్మతి లేకుండా పరీక్ష చేయడాన్ని, వివరాలు బయటపెట్టడాన్ని 2017 హెచ్‌ఐవీ చట్టం కట్టడి చేస్తోంది. ప్రభుత్వ ఐసీటీసీల్లో (సలహా, పరీక్షా కేంద్రాల్లో) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. సొంతూళ్లో ఇబ్బందైతే రేపల్లె నుంచి రైలెక్కి తెనాలి జిల్లా ఆసుపత్రికి వెళ్లొచ్చు. ముందుగా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి సందేహాలు అడగొచ్చు.