వంద కంటైనర్లున్నా వాకిలి ఒక్కటే

ఒక కళాశాలకు ఒకే సర్వర్, ఒకే ఐపీ చిరునామా ఉన్నాయనుకుందాం. గ్రంథాలయ జాబితా, పరీక్షా ఫలితాలు, హాస్టల్ దరఖాస్తులు... మూడు వెబ్ అప్లికేషన్లూ దానిమీదే నడవాలి. ఒక్కోదాన్ని దానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌తో సహా ఒక్కో కంటైనర్‌లో పెట్టడం, 2013లో డాకర్ వచ్చాక, మామూలైపోయింది. చిక్కు ఎక్కడంటే, ఏ బ్రౌజరైనా సురక్షిత వెబ్‌సైట్ కోసం 443 అనే పోర్టునే తడుతుంది. ఒక చిరునామా మీద ఆ పోర్టు మామూలుగా ఒక్క ప్రోగ్రామ్‌కే దక్కుతుంది.

ఆ ఒక్క చోటులో కూర్చునేదే రివర్స్ ప్రాక్సీ. వచ్చిన ప్రతి అభ్యర్థనలోనూ ఏ సైట్ కావాలో దాని పేరు ఉంటుంది. ఆ పేరు చూసి, ప్రాక్సీ దాన్ని తగిన కంటైనర్‌కు పంపుతుంది. జవాబును తెచ్చి అడిగినవారికి అందిస్తుంది. రష్యా ఇంజినీరు ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎన్‌జిన్ఎక్స్ ఈ పనికి నేటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. ట్రెఫిక్ వంటివి కొత్త కంటైనర్ రాగానే దాన్ని వాటంతటవే గుర్తిస్తాయి.

అమర్చేటప్పుడు ఎదురయ్యే మొదటి తడబాటు 502 ఎర్రర్. ప్రాక్సీ కూడా కంటైనర్‌లోనే ఉంటే, దానికి 'లోకల్‌హోస్ట్' అంటే సర్వర్ కాదు, తానే. అందుకే కంటైనర్లన్నింటినీ ఒకే డాకర్ నెట్‌వర్క్‌లో చేర్చి, పేరుతో పిలవాలి. ఐపీ అంకెలను నమ్ముకుంటే, కంటైనర్‌ను మళ్లీ సృష్టించినప్పుడు అవి మారిపోవచ్చు.

ఆ తప్పు వెంటనే బయటపడుతుంది కాబట్టి నయం. బయటపడని తప్పు ఇంకొకటుంది. పరీక్షించడానికని డేటాబేస్ కంటైనర్ పోర్టును కూడా సర్వర్ మీద ప్రచురిస్తారు. ఉబుంటులోని యుఎఫ్‌డబ్ల్యు ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటుందని ధీమా. కానీ పోర్టును ప్రచురించగానే డాకర్ లినక్స్ కెర్నెల్‌లో సొంత నియమాలు రాసుకుంటుంది. వచ్చిన ప్యాకెట్ గమ్యం ముందే కంటైనర్ చిరునామాగా మారిపోతుంది. దాంతో ఆ ప్యాకెట్, సర్వర్‌కు వచ్చేవాటిని యుఎఫ్‌డబ్ల్యు తనిఖీ చేసే దారిలోకే రాదు. ఫైర్‌వాల్ 'మూసి ఉంది' అని చూపిస్తూనే ఉంటుంది. విద్యార్థుల వివరాలున్న డేటాబేస్ మాత్రం ఇంటర్నెట్‌కు తెరిచే ఉంటుంది. పాస్‌వర్డ్ బలహీనమైతే ఇక చెప్పేదేముంది!

మందు తేలికే. ప్రాక్సీకి చెందిన 80, 443 తప్ప మరే పోర్టునూ ప్రచురించకూడదు. డేటాబేస్‌తో మాట్లాడాల్సిన అప్లికేషన్‌కు లోపలి నెట్‌వర్క్ చాలు. తప్పనిసరైతే పోర్టును 127.0.0.1కే కట్టాలి. ఆపై తనిఖీని సర్వర్ మీద కాకుండా, వేరే నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ నుంచి చేయాలి.