బేస్ గిటార్ మోత ఎలా కుదురుతుంది?

ఖానాపూర్ వైపు పెళ్లిళ్లలో డప్పును మోగించే ముందు మంటకు కాస్తారు. తేమ ఆరి చర్మం బిగుసుకుంటే మోత ఖంగుమంటుంది. బేస్ గిటార్‌కు అలా మోతను తీర్చిదిద్దే పని డిజిటల్ మోడలర్ చేస్తుంది. అది గిటార్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని సెకనుకు వేల సార్లు కొలిచి, అంకెలుగా మార్చి, లెక్కలతో ఆంప్లిఫయర్‌నూ స్పీకర్ పెట్టెనూ అనుకరిస్తుంది.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు (41 హెర్ట్జ్) కంపిస్తుంది. ఫోన్ స్పీకర్ అంత మంద్రాన్ని పలికించలేదు. మరి ఆ స్వరం ఎలా తెలుస్తుంది? తీగ 82, 124, 165 హెర్ట్జ్ అంటూ పైపైన ఉపస్వరాలనూ పలికిస్తుంది. వాటిలో వినబడినవాటిని బట్టి మెదడు అసలు స్వరాన్ని పోల్చుకుంటుంది.

అందుకే మంద్రం ఒక్కటే పెంచితే మోత బరువెక్కుతుంది గానీ స్పష్టత రాదు. ముందుగా, తీగను గట్టిగా మీటినా, సంకేతం మితిమీరిందని చెప్పే మోడలర్ ఎర్ర దీపం వెలగనంతగా ఇన్‌పుట్ తగ్గించాలి. తర్వాత కంప్రెసర్‌తో హెచ్చుతగ్గులను దగ్గరికి తేవాలి. 250 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గిస్తే మసక పోతుంది. 800 దగ్గర కొంచెం పెంచితే వేలి మీటు తెలుస్తుంది. ధ్వనిని గరగరలాడించే డిస్టార్షన్ వాడితే మంద్రం పలచబడుతుంది కాబట్టి శుద్ధమైన ధ్వనినీ కలపాలి. చివరి సర్దుబాటు మాత్రం డ్రమ్స్, పాట కలిసి మోగుతుండగానే చేయాలి.