సభ వాళ్ళది, ఖర్చు ఊరిది

సొమ్మొకడిది, సోకొకడిది అంటారు మన పెద్దలు. ఈ మాట అమెరికాకీ వర్తిస్తుంది.

2019 ఫిబ్రవరి 11న ట్రంప్ టెక్సాస్‌లోని ఎల్‌పాసోలో సభ పెట్టి మెక్సికో సరిహద్దున గోడ కట్టాలన్నాడు. ఆ ఊళ్ళో పదిమందిలో ఎనిమిదిమంది లాటినోలు, ఎక్కువమంది మెక్సికో మూలాలున్నవాళ్ళు. వాళ్ళ పన్నులతోనే ఆ సభకి కాపలా నడిచింది. పోలీసులు, ఫైరు సిబ్బంది, రోడ్ల పని అన్నీ కలిపి నగరం 4,70,417 డాలర్ల బిల్లు పంపింది. కట్టలేదు. ఆలస్య రుసుముతో అది 5,69,204 అయింది. 2024 ఎన్నికల నాటికీ ఆ బాకీ తీరలేదు.

ఎలా ఎగ్గొట్టగలిగారు? హాలుకి ఒప్పందం ఉంటుంది, బందోబస్తుకి ఉండదు. పోలీసుల్ని అడిగింది సీక్రెట్ సర్వీసే, మేం కాదు అంటారు ప్రచారం వాళ్ళు. నగరాలకి తిరిగివ్వడానికి మా దగ్గర నిధుల్లేవంటుంది సీక్రెట్ సర్వీసు. ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు. 2016లో సాండర్స్ ప్రచారానికీ ఇలాంటి బిల్లులే వెళ్ళాయి.

2019 అక్టోబరులో మినియాపొలిస్ నగరం ముందుగానే 5,30,000 డాలర్లు అడిగింది. ప్రచారం వాళ్ళు కోర్టుకెక్కుతామన్నారు. చివరికి ఆ సొమ్ము ముందు కట్టకుండానే సభ జరిగిపోయింది.

ఎగ్గొట్టిన బిల్లు మాయమైపోదు. బస్సు, లైబ్రరీ, పార్కు నడవాల్సిన ఖజానా మీదే పడుతుంది. వాటి అవసరం ఎక్కువున్నది పేదలకే. మన దగ్గరా సభ అయిన మర్నాడు మైదానం ఊడ్చే చేతులు ఏ వాడవో మనకి తెలుసు.

అయితే ఒక జాగ్రత్త. సభలన్నింటికీ ధరావతు కట్టాలంటే ముందు మూతపడేది పెద్ద పార్టీల నోరు కాదు, మన నోరే. కోట్లు ఖర్చుపెట్టే ఎన్నికల సభ వేరు, కూలి పెంచమని కూర్చున్న ధర్నా వేరు. ఆ తేడా రూల్లోనే రాయించాలని మనం అడగాలి.