మీకు తెలుసా? స్ప్లిటర్ సగం సిగ్నల్‌ని మింగుతుంది

హాల్లోకి వచ్చే కేబుల్‌కి స్ప్లిటర్ తగిలించి బెడ్‌రూమ్‌కి ఇంకో వైరు లాగితే, ఒక్కో టీవీకి అందేది సగం సిగ్నలే. లెక్క ప్రకారం ఇది 3 డెసిబెళ్ల నష్టం. లోపలున్న ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాస్త తినేస్తుంది కాబట్టి డబ్బా మీద ‘3.5 డీబీ’ అని అచ్చేస్తారు. నాలుగు దారులదైతే దాదాపు 7. మూడు దారులవి చాలావాటిలో ఒక పోర్టు దగ్గర 3.5, మిగతా రెంటి దగ్గర 7 అని ఉంటుంది, ఆ 3.5 పోర్టు దూరపు టీవీకి ఇవ్వాలి. చిన్న అక్షరాలు, ఎవరు చూస్తారు!

పోర్టు ఖాళీగా ఉంచినా దాని వాటా పక్క టీవీకి చేరిపోదు. దానికి 75 ఓంల టెర్మినేటర్ బిగించడం మంచిది.

తమాషా ఏమిటంటే, అదే డబ్బాను తిరగేసి రెండు యాంటెన్నాలను కలిపినా నష్టం తప్పదు. రెండూ వేర్వేరు సిగ్నళ్లు తెస్తుంటే ఒక్కోదాంట్లో సగం లోపలి రెసిస్టర్‌లో వేడిగా మారిపోతుంది. ఒకటి వీహెచ్‌ఎఫ్, ఇంకొకటి యూహెచ్‌ఎఫ్ అయితే డైప్లెక్సర్ వాడండి. అది ఫ్రీక్వెన్సీని బట్టి దారులు వేరుచేస్తుంది కనుక, నష్టం సాధారణంగా 1 డీబీ అటూఇటూ ఉంటుందంతే.