సోమవారం కడుపునొప్పి

ఆదివారం రాత్రి మొదలై, తెల్లారేసరికి పెరిగి, బడి బస్సు వెళ్లిపోయాక దానంతటదే తగ్గిపోయే కడుపునొప్పి ఒకటుంది. హనుమకొండలో పిల్లల డాక్టరుగా ఆ నొప్పి నాకు బాగా పరిచయం. నా దగ్గరికి వచ్చేసరికే ఆ బిడ్డ నులిపురుగుల మందు మింగి ఉంటాడు. స్కానింగ్ అయి ఉంటుంది. వర్ధన్నపేటలోనో పరకాలలోనో ఎవరో తాయెత్తు కూడా కట్టి ఉంటారు. రిపోర్టులో ఏమీ ఉండదు. "ఏం లేదన్నరు మేడం, మరి వీడు నాటకమాడుతుండా?" అని తల్లి అడుగుతుంది.

నాటకం కాదు. ఆ నొప్పి నిజమైనదే. భయం పట్టినప్పుడు పేగులు మెలిపెడతాయి, గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటలు పడతాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడు తనకు ఆందోళనగా ఉందని చెప్పలేడు. కడుపు మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

అలాంటి పిల్లల కోసం నా బల్ల సొరుగులో కొన్ని ప్రశ్నపత్రాలు ఉంచుకుంటాను. ఎక్కువగా వాడేది పిల్లల్లో ఆందోళనను అంచనా వేసే స్కేర్డ్. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బోరిస్ బిర్మాహర్ బృందం దాన్ని 1997లో ప్రకటించింది. ఇప్పుడు వాడుకలో ఉన్న పత్రంలో 41 వాక్యాలుంటాయి. 8 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ఇవ్వొచ్చు. గడిచిన మూడు నెలలను తలుచుకుని ప్రతి వాక్యం పక్కన నిజం కాదు, కొంత నిజం, చాలా నిజం అనే మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. వాటికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. మొత్తం 25 చేరితే ఆందోళన రుగ్మత ఉందేమోనని లోతుగా చూడాలి. గ్రామీణ భారతంలోని కౌమారుల మీద చేసి 2013లో అచ్చయిన ఒక అధ్యయనం మాత్రం, మన పిల్లలకు 21 దగ్గరే గీత గీయవచ్చని చెప్పింది. నేను ఆ మాటకే మొగ్గుతాను.

మొత్తం మార్కు కన్నా నాకు పనికొచ్చేది లోపలి గుంపులు. హఠాత్తుగా ముంచుకొచ్చే భయం, దేని గురించైనా తెగని చింత, అమ్మానాన్నలను విడిచి ఉండలేకపోవడం, కొత్తవాళ్ల ముందు ముడుచుకుపోవడం, బడి భయం అని అయిదు గుంపులు. బడి గురించిన వాక్యాలు నాలుగే. వాటిలో మూడు మార్కులు వచ్చినా ఆగి మాట్లాడాలి. సోమవారం కడుపునొప్పి పిల్లలు చాలామంది అక్కడే బయటపడతారు.

ఇంటర్ పిల్లలు 41 వాక్యాలు చూడగానే విసుక్కుంటారు. మా ఊరి నయీంనగర్ కాలేజీల నుంచి వచ్చే వాళ్లకు తరగతి అయిపోగానే స్టడీ అవర్, అదయ్యాక వారాంతపు పరీక్ష. వాళ్లకు గ్యాడ్-7 ఇస్తాను. మానసిక వైద్యుడు రాబర్ట్ స్పిట్జర్ బృందం 2006లో పెద్దవాళ్ల కోసం చేసిన పత్రం అది, కౌమారులకూ వాడుతున్నారు. గడిచిన రెండు వారాల మీద ఏడే ప్రశ్నలు. 21కి 10 చేరితే కూర్చోబెట్టి మాట్లాడాలి.

స్కేర్డ్‌లో తల్లిదండ్రులు నింపే పత్రం వేరే ఉంటుంది. తల్లిని వరండాలో కూర్చోబెట్టి అది ఇస్తాను. చదువు రాకపోతే నర్సు చదివి వినిపిస్తుంది. బిడ్డ లోపల, నా ఎదురుగా. రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి చూసే ఆ కొద్ది నిమిషాలే ఈ పని మొత్తానికీ ప్రాణం. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి (ఊరూ తరగతీ మార్చి రాస్తున్నాను) పత్రంలో 38 వచ్చింది, తల్లి పత్రంలో 11. "రాత్రిళ్లు మంచిగనే పంటది మేడం, రంది ఏం లేదు" అంది తల్లి. పిల్లకు అన్నిటికన్నా ఎక్కువ మార్కులు విడిచి ఉండలేని గుంపులో పడ్డాయి. ఏం బిడ్డా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. వచ్చే ఏడు నుంచి హాస్టల్లో వేద్దామని తండ్రి ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నదట. ఇంట్లో ఎవరూ దానితో ఆ మాట చెప్పలేదు. పిల్ల నిద్రపోయిందని అమ్మ అనుకున్న రాత్రుల్లో కళ్లు మూసుకుని బుగులుతో పడుకుంటోంది.

తలకిందులుగానూ జరుగుతుంది. అన్నిటికీ నిజం కాదని టిక్కు పెట్టేసే మగపిల్లలున్నారు. నాన్న కుర్చీ పక్కన నిలబడి చూస్తుంటే పదేళ్ల పిల్లవాడు భయమేస్తుందని రాస్తాడా? ఈ పత్రాలు ఏకాంతంలోనే నింపించాలి. బళ్లో అయితే పక్క బెంచీ వాడికి కనపడకుండా చూడాలి.

మార్కు వచ్చాక ముందు ఒంటిని చూస్తాను. ఆస్తమాకు సాల్బుటమాల్ పీల్చే పిల్లలకు మందు వల్లే గుండె వేగం, చేతుల వణుకు వస్తాయి. రక్తం తక్కువైనా గుండె వేగం పెరుగుతుంది, థైరాయిడ్ ఎక్కువైనా అంతే. ప్రశ్నపత్రం వీటన్నిటినీ భయం ఖాతాలోనే వేస్తుంది.

ఈమధ్య కొన్ని బళ్లు పిల్లలందరికీ ఒకేసారి పత్రాలు పంచేద్దామని అడుగుతున్నాయి. ఉద్దేశం మంచిదే. అమెరికాలో నివారణ సేవల కార్యదళం 2022 అక్టోబరులో 8 నుంచి 18 ఏళ్ల వారందరినీ ఆందోళనకు జల్లెడ పట్టాలని సిఫారసు చేసింది. కానీ లెక్క చూడండి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల వారిలో ఆందోళన రుగ్మతలు 3.6 శాతం. వెయ్యి మంది ఉన్న బడిలో 36 మంది. పత్రం వంద మంది బాధితుల్లో 80 మందిని పట్టుకుంటుందనీ, బాగున్న వంద మందిలో 20 మందిని పొరపాటున అనుమానిస్తుందనీ అనుకుందాం. అప్పుడు 29 మంది నిజంగా దొరుకుతారు, ఏడుగురు జారిపోతారు. బాగానే ఉన్న 193 మంది పేర్లు జాబితాలోకి ఎక్కుతాయి. అంటే జాబితాలోని 222 మందిలో సుమారు ఎనిమిది మందికి ఒకరే అసలు బాధితులు. ఆ 222 మందితో ఒక్కొక్కరుగా కూర్చుని మాట్లాడే మనిషి లేనప్పుడు జాబితా తయారు చేయకూడదు. దాన్ని స్టాఫ్ రూములో పెట్టి "ఈ పోరికి టెన్షన్ రోగం" అని చదవడం కన్నా చేయకపోవడమే నయం.

ఈ పత్రాలు అడగని ప్రశ్న కూడా ఒకటుంది. చనిపోవాలనిపించిందా అన్న మాట స్కేర్డ్‌లో లేదు, గ్యాడ్-7లో లేదు. మార్కు ఎంత తక్కువున్నా దాన్ని నేను నోటితోనే అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంది. పుట్టదు. 2019 ఏప్రిల్‌లో మన తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డ కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ప్రశ్న అడగకుండా ఏ బిడ్డనూ ఇంటికి పంపకూడదని అప్పటి నుంచి మరీ పట్టుదల.

గుర్తిస్తే నయమవుతుందా? చాలావరకు అవుతుంది. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల 488 మంది మీద చేసి 2008లో వెలువరించిన పరిశోధనలో, ఆలోచననూ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్సతో 60 శాతం, సెర్ట్రలిన్ మందుతో 55 శాతం, రెండూ కలిపితే 81 శాతం బాగా మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్రతో 24 శాతమే. మాటల చికిత్సలో ముఖ్యమైన పని, భయపడే దాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం. మొదటి రోజు బడి గేటు దాకా, తర్వాత ఒక పీరియడు, తర్వాత మధ్యాహ్న భోజనం దాకా. బడికి పోనన్న ప్రతిసారీ ఇంట్లో ఉంచుకుంటే భయం ఇంకా ముదురుతుంది. కొట్టి పంపినా ముదురుతుంది. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి హాస్టలు మాట పిల్లతోనే కూర్చుని మాట్లాడాడు, ఒక ఏడాది వాయిదా వేశాడు. వారం వారం కౌన్సిలింగుకు తీసుకొచ్చాడు. మందు అవసరం పడలేదు.

ఇలా కూర్చుని మాట్లాడే మనిషి బళ్లలోనూ కాలేజీల్లోనూ ఉండాలి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సిలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలి. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టవద్దు, అందరి ముందూ అవమానించవద్దు. మన ఊళ్లో వంద మంది లేని కాలేజీ ఎక్కడుంది?

వచ్చే పేరెంట్స్ మీటింగులో ర్యాంకుల సంగతి అడిగే ముందు, మీ కౌన్సిలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు, పిల్లలు వాళ్లను ఎవరి అనుమతీ లేకుండా కలవొచ్చా అని అడగండి. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు. వరంగల్ ఎంజీఎం దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడికి పోవడానికి సిగ్గుపడకండి. అర్ధరాత్రి పిల్లవాడు భయంతో లేచి కూర్చుంటే టెలీమానస్ నంబరు 14416. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.